మీద మూడు

నంద్యాల,
అక్టోబరు 5, 2024

అత్తకు వందన వందనాలు.

ఇలా మొదలుపెడితే నువ్వు నవ్వుతావని తెలుసు. నవ్వు. ఈ ఇంట్లో వారం నుంచి ఎవరూ నవ్వడం లేదు. నా కుడికాలికి మోకాలిదాకా సిమెంటు కట్టు వేశారు. నవంబరు ఆఖరు దాకా ఆ కాలు నేల మీద మోపకూడదట. నాయన పొద్దున లేచింది మొదలు "గద్దల్ని ఎంచే ఉద్యోగం యాడన్నా ఉంటాదా? నేను చెప్తే ఇన్యావా?" అని ఒకటే పాట. అమ్మ ఆ పాటకు తాళం.

ఫోన్లో మాట్లాడితే నీకు వినపడదు, మెసేజీలు పెడితే చూడవు. అందుకే మీ పక్కింటి సంజీవయ్యను పట్టుకున్నాను. రోజూ ఆళ్లగడ్డ నుంచి ఇక్కడి కోర్టులో పనికి వస్తాడు కదా, మన ఉత్తరాలు అటూ ఇటూ చేరవేస్తానన్నాడు.

నా పనేమిటో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. చలి మొదలయ్యే ముందు ఉత్తరాన మంచు దేశాల్లో ఉండే గద్దలు, డేగలు దక్షిణానికి బయలుదేరతాయి. కొండల దగ్గర గాలి పైకి లేస్తుంది కాబట్టి వాటికి ఆ దారి సుఖం. మీ ఊరి వెనక దొనగట్టు అలాంటి దారేనని నా నమ్మకం. హైదరాబాదులోని పక్షుల సంఘం వాళ్లు ఈ ఏడు నాలుగు కొండల మీద మనుషుల్ని కూర్చోబెట్టి లెక్క పెట్టిస్తున్నారు. ఏ కొండను ఉంచాలో, దేన్ని వదిలేయాలో నవంబరులో తేలుస్తారు. దొనగట్టును పట్టుబట్టి అందులో పెట్టించింది నేనే. పెట్టించి, మొదటి వారమే జారిపడ్డాను. పైన మనిషి లేకపోతే ఆ గట్టు పోతుంది, దాంతో నా ఉద్యోగమూ పోతుంది.

ఓపికగా కూర్చునే మనిషి ఎవరన్నా ఉంటే చూడు అత్తా. బైనాక్యులర్ నీ బీరువాలోనే వదిలి వచ్చాను. ఊళ్లో తిరిగే గద్దలు వద్దు. గట్టు దాటిపోయేవాటిని మాత్రం ఎంచి, ఏ రోజు ఎన్నో రాసి పంపితే చాలు.

నీ మేనకోడలు,
వందన

&nbsp;

ఆళ్లగడ్డ,
అక్టోబరు 11

కాలు విరగ్గొట్టుకున్న మహారాణికి,

మనిషిని చూడమన్నావు. చూశాను. అద్దంలో కనపడింది.

ఏం, నవ్వుతున్నావా? ముప్పై ఏండ్లు బడి నడిపినదాన్ని. అరవైమంది పిల్లకాయల్ని బెలుం గుహలకు తీసుకపోయి అరవైమందినీ తిరిగి తెచ్చినదాన్ని. గద్దలు వాళ్ల కంటే అల్లరివా? అయినా దేవుడు నాతో పరాచికాలాడుతున్నాడే. నా కోడిపిల్లల్ని ఎత్తుకుపోయే జాతిని నేనే గొడుగు వేసుకొని కూర్చొని ఎంచాలా!

గట్టు కిందిదాకా ఆటో. ఆ తర్వాత కాళ్లే. మోకాళ్లు తిట్టుకుంటూ ఎక్కాయి. పైన మేకలు మేపుకునే శివమ్మ నన్ను చూసి దగ్గరికొచ్చి చెవిలో అరిచింది.

"ఏం చూస్తాండావు టీచరమ్మా?"

"గద్దల్ని."

"గద్దల్నా! ఇంటికి పో తల్లీ, ఎండ బాగా తగిలినట్టుండాది."

నాకూ అదే అనిపించింది. పొద్దెక్కే దాకా ఏమీ లేదు. జొన్నరొట్టె తినేసి, నిన్ను తిట్టుకుంటూ కూర్చున్నాను. అప్పుడు వచ్చింది ఒకటి. ముదురు గోధుమరంగు, చాపంత రెక్కలు. గట్టు దగ్గరికి వచ్చి తిరగడం మొదలుపెట్టింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు, పైకి, ఇంకా పైకి. ఒక్కసారంటే ఒక్కసారి రెక్క ఆడించలేదు వందనా! చుక్కంత అయింది, అక్కడి నుంచి దక్షిణానికి జారుకుంటూ పోయింది. నేను నోరు తెరుచుకొని చూశాను. సిగ్గులేకుండా చెప్తున్నా.

లెక్క ఎలా పెట్టాలో మాత్రం నాకు నేర్పొద్దు. మా అమ్మ నేర్పిన లెక్క నాకుంది. మంగళవారం ఇరవై రెండు, మీద మూడు. బుధవారం పద్దెనిమిది, మీద ఒకటి. గురువారం మబ్బు పట్టింది, తొమ్మిదే.

సంజీవయ్యతో నల్లకారం పంపుతున్నా. ఎముకకు మంచిదో కాదో తెలీదు, నాలుకకు మంచిది.

మీ అత్త,
హన్నమ్మ

&nbsp;

నంద్యాల,
అక్టోబరు 17

మా అత్తకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఐదోసారి నాయన లాక్కొని చదివాడు. చదివి, వాకిట్లోకి పోయి ఆకాశం చూసి వచ్చాడు. "ఏంది నాయనా?" అంటే "ఏంల్యా, వానొస్తాదేమోనని" అన్నాడు. ఎర్రటి ఎండలో!

నువ్వు చూసింది ఉత్తరాన గడ్డిమైదానాల్లో గూడు కట్టే పెద్ద గద్ద అయి ఉండాలి. ఎండకు వేడెక్కిన గాలి పైకి లేస్తుంటే దాని మీద ఎక్కి కూర్చుంటుంది. ఒళ్లు అలవకుండా వేల మైళ్లు పోవాలంటే అదే కిటుకు. అరవై దాటాక నువ్వా గట్టు ఎక్కడం మాత్రం నాకు అంతకంటే వింతగా ఉంది. నేను ఎవరినో వెతికిపెట్టమంటే నువ్వే ఎక్కావు. ఎంత గర్వంగా ఉందో నీకు చెప్పలేను.

లెక్కలు హైదరాబాదుకు పంపాను. మీదవాటిని వేరుగా రాయడం చాలా మంచి పని అత్తా, వాళ్లు నింపమన్న కాగితంలో దానికో గడి కూడా ఉంది. ఇకముందూ అలాగే రాయి.

వీలైతే కింద చేలవైపు కూడా ఒక కన్ను వేయి. నేలను రాసుకుంటూ పోయేవి కనపడతాయి. వాటిని పిల్లిగద్దలంటారు.

వందన

&nbsp;

ఆళ్లగడ్డ,
అక్టోబరు 24

అమ్మీ,

పిల్లిగద్దలు! ఎవరు పెట్టారే ఆ పేరు, వాళ్లకు దండం పెట్టాలి.

గట్టు కింద నల్లరేగడిలో శనగ విత్తుతున్నారు. కోయిలకుంట్ల వైపు విత్తడం అయిపోయిందట, ఇక్కడ ఇప్పుడే మొదలు. గొర్రు పోయిన చాలు మీదుగా, మోకాలెత్తున, బూడిదరంగు పక్షి ఒకటి మెల్లగా తేలుకుంటూ వస్తుంది. మొహం గుండ్రం. అచ్చం పిల్లి ఎలుక కోసం పొంచినట్టు తల వంచి వెతుకుతుంది. మిడత కనపడితే గభాలున కాలు చాచి, మళ్లీ ఏమీ ఎరగనట్టు పోతుంది. ఎంత నాజూకో! మా బడిలో డాన్సు నేర్పిన ఆయమ్మ చూస్తే సిగ్గుపడేది.

ఇదంతా రాస్తూ నాకే ఆశ్చర్యంగా ఉంది. ముప్పై ఏండ్లు ఈ గట్టు కిందే బడి నడిపాను. తలెత్తి చూసిన పాపాన పోలేదు. గద్ద అంటే నా కోడిపిల్లల దొంగ అని తప్ప ఇంకేమీ తెలియదు. మొన్న కూడా ఒకటి ఎత్తుకుపోయింది. తిట్టబోయి, అది రెక్క మడిచి దూకిన తీరు చూసి తిట్టు మరిచిపోయాను. ఇట్లయితే నా కోళ్ల గతి ఏంది?

ఆదివారం ఆరాధన అయినాకే ఎక్కుతున్నా, పాస్టరుకు అనుమానం వద్దు. ఆయన మొన్న "గట్టు మీద ఒంటరిగా ప్రార్థన చేస్తాండావా హన్నమ్మా?" అని అడిగాడు. అవునన్నా. అబద్ధమేం కాదు.

శనివారం ముప్పై ఒకటి, మీద రెండు. ఆదివారం మధ్యాహ్నం నుంచి పదిహేడు, మీద రెండు. సోమవారం, విను, నలభై! మీద ఏమీ లేదు, సరిగ్గా నలభై. కిందికి దిగేటప్పుడు ఎవరికన్నా చెప్పాలనిపించి శివమ్మ మేకలకు చెప్పాను.

హన్నమ్మ

&nbsp;

నంద్యాల,
అక్టోబరు 31

అత్తకు,

ఈ ఉత్తరం రాయడం కష్టంగా ఉంది. నీతో దాచడం ఇంకా కష్టం.

హైదరాబాదు నుంచి ఫోన్ చేశారు. తక్కిన మూడు కొండల మీద మంచి రోజున వంద దాటుతున్నాయట. మనకు ఎంత మంచి రోజైనా నలభై. "గట్టు మంచిది కాదేమో వందనా, వచ్చే ఏడు నుంచి వదిలేద్దాం" అన్నారు. ఇంకో పదిహేను రోజులు చూస్తారట.

నేను నీ లెక్కలన్నీ ముందేసుకొని కూర్చున్నాను. ఒక్కటి తేడాగా కనపడింది. బాగా ఎత్తున, మీద పోయేవి ఏ రోజూ మూడుకు మించలేదు. ఒకసారి రెండు, ఒకసారి ఒకటి, ఒకసారి అసలు లేవు. నిజానికి ఎత్తున పోయేవే ఎక్కువ ఉండాలి. అంత ఎత్తులో ఉన్నవి చిన్నగా ఉంటాయి, ఎవరి కంటికైనా సులువుగా అందవు. నీ కళ్లద్దాలు మార్చి ఎన్నాళ్లయింది? ఒకసారి చూపించుకుంటే మంచిదేమో. లేకపోతే కమలమ్మ కూతురు డిగ్రీ చదువుతోంది కదా, ఈ పదిహేను రోజులు ఆ పిల్లను కూర్చోబెడదాం. నువ్వు చాలా కష్టపడ్డావు. ఇంక విశ్రాంతి తీసుకో అత్తా.

తప్పుగా అనుకోవద్దు.

వందన

&nbsp;

ఆళ్లగడ్డ,
నవంబరు 3

గౌరవనీయులైన కుమారి వందన గారికి, రిటైర్డు ప్రధానోపాధ్యాయిని హన్నమ్మ వ్రాయునది.

తప్పుగానే అనుకున్నాను. ఎందుకు అనుకోకూడదు?

నా కండ్లు పనికిరావంటావా? ఆరు నెలల కిందటే ఆపరేషన్ అయింది, గట్టు మీద నుంచి రోడ్డున పోయే బస్సు బోర్డు చదువుతాను. చెవులు పోయాయి, నిజమే. కండ్లు పోలేదు. కమలమ్మ కూతుర్ని కూర్చోబెడతావా? ఆ పిల్ల ఫోన్లోంచి తలెత్తి ఎదురుగా ఉన్న వాళ్లమ్మను చూడదు, గద్దను చూస్తుందా? నాకు విశ్రాంతట! నేను అడిగానా?

"మీదవాటిని వేరుగా రాయడం మంచి పని" అని నువ్వే కదా రాశావు. ఇప్పుడు అవి మూడుకు మించలేదని తప్పు పడుతున్నావు. ఏందమ్మీ ఆ మాట? మూడుకు మించి ఎట్లుంటాయే? నాలుగోది వస్తే పుంజీ కాదా? మా అమ్మ, అంటే మీ జేజి, గుడ్లయినా నిమ్మకాయలయినా పుంజీల్లోనే ఎంచేది. ఈ చేతికి రెండు, ఆ చేతికి రెండు, నాలుగు కలిస్తే ఒక పుంజీ. పుంజీకి చాలకుండా మిగిలితే మీద ఒకటి, మీద రెండు, మీద మూడు. అంతకు మించితే అది ఇంకో పుంజీ. ఇది కూడా తెలియకుండా నీకు ఎమ్మెస్సీ ఎవరిచ్చారు? ఆకాశంలో అవి తిరుగుతూ పోతుంటే ఒకటి, రెండు, మూడు అని వేలు పెట్టి ఎంచడానికి కుదురుతుందా? కంటితో నాలుగు నాలుగు ఏరుకోవాలి.

ఉండు.

ఇక్కడ కలం కింద పెట్టి లేచి నీళ్లు తాగి వచ్చాను. వందనా, నేను నలభై అని రాస్తే నువ్వు ఎన్ని అనుకున్నావు?

హన్నమ్మ

&nbsp;

నంద్యాల,
నవంబరు 6

నా బంగారు అత్తా,

నలభై అనుకున్నాను! నలభై అంటే నలభై గద్దలనే పంపాను!

సంజీవయ్య ఇంకా గుమ్మంలో ఉండగానే నీ ఉత్తరం చదివి నేను పెట్టిన కేకకు అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది, రెండో కాలు కూడా విరిగిందేమోనని. పుంజీ అనే మాటే నేను వినలేదు అత్తా. నాకు తెలిసింది డజను. మీద అంటే ఆకాశంలో పైన అనుకొని నువ్వు ఎత్తు కూడా చూసి రాస్తున్నావని మురిసిపోయాను. నీ మొదటి రోజు ఇరవై రెండుకు మీద మూడు కలిపి ఇరవై ఐదని పంపాను. అవి తొంభై ఒకటి! ఆ సోమవారం నలభై కాదు, నూట అరవై! నాయన మంచం అంచున కూర్చొని అన్నీ మళ్లీ గుణించాడు. గుణించి, "మా అక్కంటే ఏమనుకున్యావ్!" అని నాకే చెప్తున్నాడు. ఇన్నాళ్లూ నాకు నీ గురించి ఏమీ తెలియనట్టు.

నీ కళ్ల గురించి రాసినందుకు క్షమించు. నిజంగా.

కానీ ఇంకో చిక్కు వచ్చింది. హైదరాబాదుకు ఫోన్ చేసి అంతా చెప్తే వాళ్లు నవ్వలేదు. "గట్టు పోతుందని చెప్పిన వారంలోనే లెక్కలు నాలుగింతలు అయినాయా?" అన్నారు. నేను అబద్ధమాడుతున్నానని అనుకుంటున్నారు. 12వ తారీఖున నరసింహులు అనే ఆయన వచ్చి ఒక రోజంతా నీతో గట్టు మీద కూర్చుంటాడు. ఆయన చెప్పిందాన్ని బట్టి గట్టు ఉంటుందో పోతుందో తేలుతుంది. ఆయన ఏమడిగినా నువ్వు చూసింది చూసినట్టు చెప్పు. మిగిలింది దేవుడి దయ.

వందన

&nbsp;

ఆళ్లగడ్డ,
నవంబరు 13

వందనకు,

నీ గట్టు నా వల్ల పోయింది. ముందే చెప్పేస్తున్నా.

రెండు రోజులు ఒకటే వాన. నిన్న పొద్దున కూడా మబ్బే. నరసింహులు వచ్చాడు. కోయిలకుంట్ల పిల్లవాడే, హైదరాబాదులో స్థిరపడ్డాడు. మంచివాడే, నా చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడాడు, విసుక్కోలేదు. మడత కుర్చీ నాకిచ్చి తను బండ మీద కూర్చున్నాడు. పొద్దెక్కింది, మధ్యాహ్నమైంది, ఒక్క పిట్ట లేదు. ఆయన వాచీ చూసుకుంటాడు, నేను ఆకాశం చూస్తాను. ఇన్ని రోజులూ వచ్చిన జాతి ఆ రోజే నన్ను మోసం చేయాలా?

తర్వాత ఆయన చిటికెన వేలు చూపించి, అవతల బండల వెనక్కు పోయాడు. అప్పుడే వచ్చింది గుంపు. ఇన్నాళ్లలో అంత గుంపు నేను చూడలేదు. ఆయన పరిగెత్తుకుంటూ వచ్చేసరికి తోక మాత్రం మిగిలింది. ఆయాసపడుతూ అరిచాడు.

"ఎన్నమ్మా? ఎన్ని పోయినాయి?"

పెన్సిలు నా చేతిలోనే ఉంది. వందనా, నేను ఎంచలేదు. చూస్తూ నిలబడిపోయాను. రెండు వందల పుంజీలు అని ఉంటే అయిపోయేది, ఎవరు చూశారు? నోటిదాకా వచ్చింది. నీ ఉద్యోగం గుర్తుకొచ్చింది, నీ కాలు గుర్తుకొచ్చింది. అయినా ఉన్నదే చెప్పాను.

"ఎంచలేదు నాయనా," అన్నాను. "చూస్తా నిలబడినా."

ఆయన నా మొహం చూశాడు. కాగితం మీద ఏదో రాసుకున్నాడు. సాయంత్రం దాకా కూర్చున్నాం, ఇంకేమీ రాలేదు. కుర్చీ మడుచుకొని "పోయొస్తానమ్మా" అని దిగిపోయాడు. అంతే. ముప్పై ఏండ్లు పిల్లకాయల్ని ఎంచినదాన్ని, నీకు అవసరమైన ఒక్క రోజు ఎంచలేకపోయాను. నన్ను తిట్టు. మీ నాయనతో కూడా తిట్టించు.

హన్నమ్మ

&nbsp;

నంద్యాల,
నవంబరు 21

అత్తా,

ఎవరు తిడతారు నిన్ను? తిట్టేవాళ్ల నోరు నేను మూయిస్తాను, ఒంటికాలి మీద లేచి మరీ.

గట్టు ఉంది. వచ్చే ఏడు ఉంది, ఆ పై నాలుగేళ్లూ ఉంది. నరసింహులు నాకు ఫోన్ చేశాడు. ఆయన మాట ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా, నాయన కూడా స్పీకర్లో విన్నాడు.

"ఆయమ్మ లెక్కను పెంచి రాసే మనిషైతే, ఆ గుంపు వెయ్యని చెప్పేది, రెండు వేలని చెప్పేది. నేను యాడ చూసినా? రాసుకోని పోయేవాన్ని. ఎంచలేదని చెప్పింది. అట్ల చెప్పే మనిషి ఎంచినానంటే, ఎంచినట్టే. ఆ ముక్కే మావాళ్లకు రాసినా."

నువ్వు రాసిన ప్రతి లెక్కనూ వాళ్లు ఒప్పుకున్నారు. వచ్చే ఏడు దొనగట్టుకు ఇద్దరి పేర్లు వేశారు, మొదటిది నీది. నిన్ను అడక్కుండా నేను సరేనన్నందుకు తిట్టాలనుకుంటే ఇప్పుడు తిట్టు. నాయన బజారంతా చెప్పుకొని తిరుగుతున్నాడు. అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇంత నిజం చెప్పే మనిషి మా ఇంటి మనిషి అని ఏడ్చాను అత్తా.

ఒక్కటి అడుగుతాను. ఈ ఏడు నేను ఒక్క గద్దను కూడా చూడలేదు. చూసిందంతా నీ ఉత్తరాల్లోనే. నువ్వు ఎంచలేకపోయిన ఆ గుంపు ఎలా ఉందో రాయి. లెక్క వద్దు.

వందన

&nbsp;

ఆళ్లగడ్డ,
నవంబరు 24

నా తల్లీ,

మొదట పొగ అనుకున్నా. ఈశాన్యాన మబ్బు చీలి ఎండ పడింది. ఆ ఎండలో నల్లగా, పలచగా ఏదో కదులుతోంది. ఇంత తడిలో చెత్త ఎవరు తగలబెడుతున్నారబ్బా అనుకునేలోపే పొగ కాస్తా చుక్కలైంది, చుక్కలకు రెక్కలొచ్చాయి. డేగలు. పావురమంత ఉంటాయి, అంతే. కాళ్లు ఎర్రగా, కొన్నిటికి రెక్కల కింద తెల్లగా మెరుస్తోంది.

నా తలపైన పోతున్నాయి. నా పక్కన పోతున్నాయి. గట్టు అంచున నిలబడ్డానుగా, నాకంటే కింద నుంచి కూడా పోతున్నాయి. ఎగిరే పక్షి వీపును పైనుంచి చూడటం నా జన్మలో అదే మొదలు వందనా! వానకు లేచిన తూనీగలు గాలి నిండా ఉన్నాయి. ఒక డేగ నా మొహం ముందే తూనీగను కాలితో పట్టి, ఎగురుతూనే కాలు నోటిదాకా ఎత్తి తినేసింది. తూనీగ రెక్కలు గిరగిరా తిరుగుతూ వచ్చి నా చీర కుచ్చిళ్ల మీద పడ్డాయి. దులుపుకోలేదు.

ఒక పుంజీ అన్నాను. రెండు అన్నాను. తర్వాత నోట్లో అంకె రాలేదు. సద్దు చేశాయో లేదో నాకు తెలియదు కదా, నరసింహులును అడిగాను. "ఏం సద్దు ల్యాదమ్మా" అన్నాడు. అయితే నేను పోగొట్టుకున్నదేమీ లేదు.

ఇంత చిన్న ప్రాణాలు సముద్రం దాటి ఆఫ్రికా దాకా పోతాయని ఆయనే చెప్పాడు. నమ్మలేదు. మళ్లీ చెప్పించుకున్నాను. అవి పోయినాక ఆకాశం ఖాళీ అయితే ఏడుపొచ్చింది. బాధతో కాదే. అంతమంది ఆ దారిన పోతూ మన గట్టు మీదుగా పోయారే అని.

మొదటి పేరు నాది వేశారన్నావు, వేయనీ. గట్టు ఎక్కుతాను, ఎండకు కూర్చుంటాను, మామూలు రోజుల్లో ఎంచుతాను కూడా. ఆ గుంపు వచ్చిన రోజు మాత్రం పెన్సిలు నువ్వు పట్టుకో. నేను ఎంచను. చూస్తా.

మీ అత్త,
హన్నమ్మ